‘ఆ’ అంటే అంత అలుసా?

పోయిన ఆదివారం మా ఇంట్లో చిన్న యుద్ధం జరిగింది. యుద్ధమంటే గిన్నెలు ఎగరలేదు లెండి. మా మరిది రెండో కప్పు కాఫీ తాగకుండా లేచి వెళ్ళిపోయాడు, అంతే. కాని నేను కాపరానికొచ్చిన ఇన్నేళ్ళలో అలా జరగడం ఇదే మొదటిసారి. కారణం ఒక గ్రామఫోను రికార్డు. పోనీ మన తెలుగు రికార్డా అంటే కాదు, ఇటలీవాళ్ళది. పోనీ పాటల రికార్డా అంటే అదీ కాదు, సినిమాలో వెనకాల వచ్చే సంగీతం రికార్డు. “ఇంతోటి దానికి వదినా మరుదులు పోట్లాడుకోవాలా?” అని మీరు నవ్వుకుంటారని నాకు తెలుసు. ముందు వినండి. తరవాత తీర్పు చెబుదురుగాని.

మా పెద్దవాడికి బెంగుళూరులో ఉద్యోగం. ఈమధ్య వాడికొక పాత పిచ్చి కొత్తగా పట్టుకుంది. ఫోను నొక్కితే లోకంలోని పాటలన్నీ వినిపించే ఈ రోజుల్లో నల్లటి పళ్ళాలు కొనుక్కుని తెచ్చుకుంటున్నాడు. మనం అటకెక్కించి, ఆ పైన పాత సామాన్లవాడికి తూకానికి వేసేశామే, అవే! ఇప్పుడు వాటిని మళ్ళీ కొత్తగా వేస్తున్నారట. ఒక్కొక్కటి మూడు వేల పైమాటేనట. పండక్కి వచ్చినప్పుడు ఒక రికార్డు ప్లేయరూ, నాలుగు రికార్డులూ మా హాల్లో పెట్టి, “మధ్యాహ్నం పూట వినమ్మా, కాలక్షేపం” అని చెప్పి వెళ్ళాడు.

ఒకరోజు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, అందులో ఒకటి పెట్టాను. 1968లో వచ్చిన ఇటలీ సినిమా సంగీతం అది. సినిమా పేరు ‘చేరా ఊనా వోల్తా ఇల్ వెస్ట్’. మన భాషలో చెప్పాలంటే ‘అనగనగా పడమటి దేశంలో’ అన్నమాట. తీసింది సెర్జియో లియోనే. సంగీతం ఎన్నియో మోరికోనే. మావారి తరం మగపిల్లలు మ్యాట్నీలకు ఎగబడి చూసిన గుర్రాల సినిమాలు, తుపాకుల సినిమాలు ఉన్నాయి చూడండి, ఆ జాతిదే. నేను పెద్దగా ఆశ పెట్టుకోలేదు. ఏవో డెక్కల చప్పుళ్ళు వినిపిస్తాయనుకున్నాను.

వినిపించింది ఒక ఆడమనిషి గొంతు. మాటల్లేవు. ఒక్క ‘ఆ’కారం. మొదట దూరాన ఎవరో నడిచి వస్తున్నట్టు మెల్లిగా మొదలై, మెట్టు మెట్టుగా పైకెక్కి, అక్కడ నిలబడిపోయింది. నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. చెప్పొద్దూ, కళ్ళు చెమర్చాయి. ఎందుకని అడిగితే ఏం చెప్పను? ఆవిడ ఏమీ చెప్పలేదు కదా, నాకేం అర్థమైనట్టు?

తరవాత అబ్బాయి ఫోనులో పంపితే ఆ సినిమా కూడా చూశాను. అందులో జిల్ అని ఒకావిడ. క్లౌడియా కార్డినాలే వేసింది ఆ వేషం. న్యూ ఆర్లియన్స్ నుంచి కొత్త కాపరానికని రైలు దిగుతుంది. స్టేషనుకు ఎవరూ రారు. గడియారం చూసుకుంటుంది. మళ్ళీ చూసుకుంటుంది. పెట్టెలు మోసేవాడు తప్ప పలకరించే దిక్కు లేదు. చివరికి స్టేషను గదిలోకి వెళ్ళి దారి అడుగుతుంది. మనం కిటికీలోంచి చూస్తూంటాం. అప్పుడు కెమెరా గోడ మీదుగా పైకి లేచి, కప్పు దాటి, అవతల దుమ్ములో పుట్టుకొస్తున్న ఊరంతా చూపిస్తుంది. సరిగ్గా అప్పుడే ఆ గొంతు కూడా పైకి లేస్తుంది. భర్తా, ముగ్గురు సవతి బిడ్డలూ ఆ ఉదయమే హత్య అయిపోయారని ఆ పిల్లకింకా తెలియదు. మనకు తెలుసు. ఆ గొంతుకు తెలుసు.

ఇందులో ఇంకో విశేషం ఉంది. మన సినిమాల్లో పాటలు ముందు రికార్డు చేసి, షూటింగులో వేసి, తారల చేత పెదవులు కదిపించడం మనందరికీ తెలిసిందే. వెనకాల వచ్చే సంగీతం మాత్రం సినిమా అంతా తీశాక కలుపుతారు. ఈ సినిమాకు అలా కాదు. ముఖ్యమైన బాణీలన్నీ మోరికోనే ముందే కట్టి రికార్డు చేస్తే, లియోనే వాటిని షూటింగులో వినిపిస్తూ నటుల్ని నడిపించాడు. అంటే ఆ కథానాయిక నడిచాక గొంతు రాలేదు. గొంతు వెంట కథానాయిక నడిచింది. ఆ కెమెరా లేచింది కూడా ఆ సంగీతం కొలత ప్రకారమే.

మరి అంతటి గొంతు ఎవరిది? నాకు వెంటనే పేరు తెలుసుకోవాలనిపించింది. రికార్డు అట్ట తీశాను. ముందువైపు సినిమా పేరు, సంగీత దర్శకుడి పేరు పెద్దక్షరాల్లో ఉన్నాయి. బాగానే ఉంది. వెనక్కి తిప్పాను. కళ్ళజోడు పెట్టుకున్నాను. చాల్లేదు. కిటికీ దగ్గరకు వెళ్ళి, మావారి భూతద్దం పెట్టి వెతికితే అట్టడుగున చీమతలకాయంత అక్షరాల్లో దొరికింది. ఎడ్డా డెల్లోర్సో.

ఆవిడ గురించి తెలిసినంత మీకూ చెబుతాను. 1935లో జెనోవాలో పుట్టింది. పుట్టింటి పేరు సబటీని. మెట్టినింటి పేరు డెల్లోర్సో. ఆ మాటకు అర్థం ‘ఎలుగుబంటిది’ అనిట! గొంతేమో కోయిలది. రోములో సాంతా చెచీలియా అనే పేరుమోసిన సంగీత కళాశాలలో గాత్రం, పియానో నేర్చుకుంది. ఆ తరవాత అలెస్సాండ్రో అలెస్సాండ్రోనీ నడిపిన బృందగానం గుంపులో చేరింది. ఈ సినిమాల్లో పేరుమోసిన ఈల ఉంది చూడండి, అది వేసింది ఆయనే. ఆ గుంపులో పదిమందితో కలిసి పాడుతున్న ఆవిడ గొంతును మోరికోనే విడిగా పట్టుకున్నాడు. 1966లో వచ్చిన ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’లో, ఒక దొంగ బంగారం కోసం శ్మశానంలో గిర్రున పరిగెత్తే ఘట్టం ఉంది. ఆడమనిషి దాదాపు కనబడని ఆ సినిమాను ఆ చోట ఆకాశానికెత్తింది ఈ ఆడగొంతే. మెటాలికా అనే అమెరికా రాక్ బృందం 1983 నుంచీ ఆ సంగీతం వేసిగాని కచేరీ మొదలుపెట్టదట. జుట్టు విరబోసుకున్న కుర్రాళ్ళు వేలమంది ఆవిడతో గొంతు కలిపి ‘ఆ ఆ’ అంటారు. ఎవరితో గొంతు కలుపుతున్నారో అందులో ఎందరికి తెలుసంటారు?

ఇక యుద్ధం దగ్గరకొస్తాను. ఆదివారం మా మరిది వచ్చాడు. మేమిద్దరం ఎప్పుడూ ఏదో ఒకటి వాదించుకుంటూనే ఉంటాం, అది మామూలే. రికార్డు పెట్టి వినిపించి, పేరు అంత చిన్నగా వేయడం ఎంత అన్యాయమో చూడవయ్యా అన్నాను.

“ఎడ్డా ఏమిటి వదినా, ఆ పేరు! ఎడ్డెమంటే తెడ్డెమనే నీకు సరిగ్గా దొరికింది” అని నవ్వాడు. సరే, నేనూ నవ్వాను. ఆ తరవాత అన్నాడు కదా, “అయినా ఆవిడ పాడిందేముంది? ఒక్క మాటుందా? ఊరికే ‘ఆ’ అంది. వయొలిన్ వాయించినట్టే అదీ. బాణీ కట్టిన మహానుభావుడి పేరు వేశారు, చాలదూ? ‘ఆ’ అన్న వాళ్ళందరికీ పేర్లు వేస్తూ పోతే అట్ట చాలుతుందా?”

అదిగో, అక్కడ నాకు మండింది.

మా మరిది సంగీతం తెలియనివాడైతే క్షమించేదాన్ని. ఏటా డిసెంబరులో చెన్నై వెళ్ళి, కాంటీన్లో ఇడ్లీ తిని, ముందు వరుసలో కూర్చుని కచేరీలు వినొచ్చే మనిషి. “ఏమయ్యా, అక్కడ విద్వాంసుడు అరగంట సేపు రాగం ఆలాపన చేస్తే నువ్వు కళ్ళు మూసుకుని తల ఊపుతావే, అందులో మాటలేమున్నాయి? సాహిత్యం లేకుండా రాగాన్ని నిలబెట్టడమే అసలు విద్య అని నాకు చెప్పింది నువ్వే కదా! ఆయన ‘ఆ’ అంటే విద్వత్తు. ఈవిడ ‘ఆ’ అంటే ఊరికేనా?” అన్నాను.

“అది వేరు, ఇది వేరు” అన్నాడు. ఎలా వేరో చెప్పలేదు.

నేను చెబుతాను. వయొలిన్ పాడదు, వయొలిన్ వాయించే మనిషి ఉంటాడు. ఆ మనిషికీ పేరుంటుంది. అదే రికార్డులో నోటి హార్మోనికా వాయించినాయన ఫ్రాంకో డె జెమినీ. ఆయన పేరూ వేయాలి. ‘వాయిద్యంలాంటిది’ అనేస్తే మనిషి లేకుండా పోతాడా? అదీగాక, నిజంగా వాయిద్యమే అయితే, ఎవరు పాడినా ఒకటే కావాలి. తరవాతి కాలంలో మోరికోనే దేశదేశాల్లో కచేరీలు చేసినప్పుడు అవే స్వరాలు సుసన్నా రిగాచ్చి అనే మరో గాయని పాడింది. ఆవిడా గొప్ప గాయనే. కాని రెండూ పక్కపక్కన పెట్టి వినండి. స్వరాలు అవే, మనిషి వేరని చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. కాగితం మీద రాసింది ఆయన. ఆ కాగితానికి ఊపిరి పోసింది ఆవిడ. అమ్మాయి పెళ్ళికి చీర నేసినవాణ్ణి మెచ్చుకుంటే, నూలు వడికినవాళ్ళు లేరని కాదు కదా!

మోరికోనేను తక్కువ చేస్తున్నాననుకోకండి. నాలుగు వందల పైచిలుకు సినిమాలకూ టీవీ కథలకూ సంగీతం కట్టిన మనిషి. 2007లో గౌరవ ఆస్కారు, 2016లో పోటీలో గెలిచిన ఆస్కారు అందుకున్నాడు. 2020లో తొంభై ఒకటో ఏట పోయాడు. ఆయన పేరు ఇంకా పెద్దగా వేయండి, నాకేం అభ్యంతరం లేదు. మాటలు లేకుండా పాడించడం తప్పనీ అనను. మాటలుంటే అది ఇటాలియను పాట అయిపోయేది. చిక్కుడుకాయలు వలుచుకునే నాదాకా వచ్చేదే కాదు. మాటలు లేకపోవడం ఆ సంగీతానికి వరం. కాని దాన్నే సాకు చేసుకుని పేరు మింగేయడం ఏం న్యాయం?

ఇదేదో ఇటలీవాళ్ళ జబ్బు, మనకు లేదనుకునేరు. మన దేశం కథ ఇంకా విచిత్రం. 1949లో ‘మహల్’ అనే హిందీ సినిమా వచ్చింది. మధుబాల ఉయ్యాల ఊగే ఆ పాట ఊరూరా మోగింది. రికార్డు మీద గాయని పేరు ఏమని వేశారో తెలుసా? ‘కామిని’ అని! కామిని అంటే సినిమాలో పాత్ర. పాడింది లతా మంగేష్కర్. కథలో లేని పిల్ల పాడినట్టు, నిజంగా ఊపిరి బిగబట్టి పాడిన పిల్ల లేనట్టు! ఎవరు పాడారో చెప్పండి మహాప్రభో అని శ్రోతలు రేడియోకు ఉత్తరాలు రాశాకగాని ఆ పేరు బయటికి రాలేదంటారు. ఆ తరవాత 1957లో, ఫిల్మ్‌ఫేర్ సభలో బహుమతి వచ్చిన పాట పాడమంటే, గాయకులకు బహుమతి లేనప్పుడు నేనెందుకు పాడాలని లత కాదంది. 1959కి గాయకులకూ బహుమతి పెట్టారు. మొదటిది ఆవిడకే వచ్చింది. చూశారా, అడిగితేనే వచ్చింది. ఊరుకుంటే ఇప్పటికీ ‘కామిని’యే పాడుతూ ఉండేది.

క్లౌడియా కార్డినాలేనే తీసుకోండి. ఇటలీలో ఆ రోజుల్లో మాటలన్నీ తరవాత స్టూడియోలో చెప్పించడం ఆనవాయితీగా ఉండేది. ట్యునిస్‌లో ఫ్రెంచి మాట్లాడుతూ పెరిగిన పిల్ల కాబట్టి, ఆవిడ యాస బాగులేదని ఇటాలియనులో వేరేవాళ్ళ చేత చెప్పించేవారు. 1963లో ఫెల్లీని తన ‘ఎనిమిదిన్నర’ సినిమాలో మొదటిసారి ఆవిడ సొంత గొంతు ఉంచాడు. అప్పటిదాకా ఆవిడ ముఖం జనానిది, గొంతు ఇంకెవరిదో. ఆ ఇంకెవరి పేరు ఎవరికీ పట్టదు. ముఖమున్న ఆవిడకు గొంతు లేదు, గొంతున్న ఆవిడకు పేరు లేదు.

ఇంతకూ నాకెందుకింత కోపం అంటారా? దాచుకోవడమెందుకు, చెప్పేస్తాను.

నేను కాలేజీలో చదివే రోజుల్లో వార్షికోత్సవానికి ఒక నృత్యనాటిక వేశారు. నేను వేషానికి పనికిరాలేదు. సన్నగా, నల్లగా, చింతబరికెలా ఉండేదాన్ని. గొంతు బాగుందని తెర వెనక నిలబెట్టారు. నాయిక ఏడ్చే ఘట్టంలో నాలుగు నిమిషాలు ఆలాపన. మాటలు లేవు. నెలరోజులు సాధన చేశాను. ఆ రోజు తెర చీకట్లో, దోమలు కుడుతున్నా కదలకుండా నిలబడి పాడాను. ముందు వరుసలో ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారని అందరూ చెప్పారు. నాయిక వేసిన అమ్మాయికి వెండి కప్పు ఇచ్చారు. ఇవ్వాల్సిందే, బాగా చేసింది.

తరవాత అచ్చు వేసిన కార్యక్రమం కాగితం చూసుకున్నాను. రచన, సంగీతం, నృత్యం, దుస్తులు, అలంకరణ. మైకుసెట్టు ఎవరిదో ఉంది. తెరలు అరువిచ్చిన బట్టల కొట్టు పేరుంది. నా పేరు లేదు. మేష్టారిని అడిగితే, “నువ్వు పాట పాడలేదు కదమ్మా, ఆలాపనే కదా!” అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. నన్ను నొప్పించాలనీ అనలేదు. ఆ మాట ఆయనకు అంత సహజంగా వచ్చింది, అంతే. నేనూ నిజమే కాబోలు అనుకుని ఊరుకున్నాను. ఊరుకున్నందుకే ఇప్పటికీ మండుతుంది.

మా అమ్మ ఊరుకోలేదు. మా అమ్మ అయిదో తరగతి దాటి చదవలేదు. ఆ కాగితం తీసుకుని, నాన్నగారి కలంతో, పక్కన ఖాళీలో గుండ్రటి అక్షరాలతో ‘ఆలాపన’ అని రాసి, ఎదురుగా నా పేరు రాసింది. దాన్ని తన ట్రంకుపెట్టెలో పట్టుచీర మడతలో పెట్టుకుంది. అమ్మ పోయాక ఆ పెట్టె తెరిస్తే చీర అంచు చివికిపోయి ఉంది గాని కాగితం అలాగే ఉంది. కార్యక్రమం కాగితాల్లో నా పేరున్నది అదొక్కటే.

అక్కయ్యలూ, చెల్లెళ్ళూ! మనలో ఎందరం తెర వెనక ‘ఆ’ అన్నవాళ్ళం కాదు చెప్పండి? మా ఇంటి గుమ్మం పక్కన రాతి పలక మీద మావారి పేరు డిగ్రీలతో సహా చెక్కించాం. పునాది నాటి నుంచి ఇటుకలకు నీళ్ళు కొట్టింది నేను. మేస్త్రీకి మజ్జిగ కలిపిచ్చింది నేను. సిమెంటు బస్తాలు లెక్కపెట్టుకున్నది నేను. “మీదే కదండీ ఇల్లంతా” అంటారు వచ్చినవాళ్ళు. అందరికీ తెలుసు, రాతి పలకకు తప్ప! ఎవరి మీదా ఫిర్యాదు కాదిది. పలక చెక్కించేటప్పుడు నా పేరు కూడా అని నేనూ అనలేదు, ఆయనకూ తట్టలేదు. మాటలున్న పనికి పేరు, మాటలు లేని పనికి ‘ఏముందిలే’ అనే అలవాటు మనందరి ఒంట్లో పట్టేసింది. అందుకే రికార్డు కంపెనీవాళ్ళ కన్న ముందు నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. కొత్తగా రికార్డులు వేస్తున్నారు కదా, వేల రూపాయలు తీసుకుంటున్నారు కదా. పాడినవాళ్ళ పేరు చదవగలిగేంత అక్షరంతో ముందువైపు వేయండి. ఫోనుల్లో పాటలు పెట్టేవాళ్ళూ వేయండి. అక్కడ అట్ట చాలదనే సాకు కూడా లేదు. మన సినిమాల్లో కోరస్ పాడే అమ్మాయిలకూ, కథానాయిక కన్నీళ్ళ వెనక హమ్మింగు చేసే గొంతులకూ వేయండి. ఇక వినేవాళ్ళం మనం, ఒక్క పని చేద్దాం. ఏదైనా విని మనసు కదిలితే, ‘ఎవరిది?’ అని ఒక్కసారి అడుగుదాం. శ్రోతలు అడిగితేనే గదా కామిని పోయి లత వచ్చింది!

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. రికార్డులో గాడి బయటి అంచు నుంచి నడిమికి చుట్టుకుంటూ పోతుంది. నడిమికొచ్చేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది, తిరిగే వేగం మాత్రం అదే, నిమిషానికి ముప్ఫై మూడు చుట్ల పైన చిల్లర. ఒకే సంగీతాన్ని తక్కువ చోటులో ఇరికించాలి. అందుకే చివర్లో వచ్చే హెచ్చుస్వరాలు ముల్లుకు సరిగా అందక గరగరలాడతాయని మావాడు చెప్పాడు. ఎత్తుకెక్కే ఆడగొంతుకే ఆ బాధ ఎక్కువట. విన్నారా? చోటు తగ్గించి, ఆ పైన గరగరమంటోందని వంక పెట్టడం ఆ పళ్ళెం దగ్గర కూడా ఉంది!

మరిది వెళ్ళిపోయాక నేను బాల్‌పెన్ను తీసుకుని కూర్చున్నాను. రికార్డు అట్ట ముందువైపు, సంగీత దర్శకుడి పేరు కింద, మా అమ్మ రాసినట్టే గుండ్రంగా రాశాను. ‘గాత్రం: ఎడ్డా డెల్లోర్సో’.

ఫోనులో ఫోటో పంపితే అబ్బాయి లబోదిబోమన్నాడు. అట్ట మీద గీత పడితే దాని ధర సగానికి సగం పడిపోతుందటమ్మా అని. “పడనీరా, నేను అమ్ముకోను” అన్నాను.

మావారు భూతద్దం పట్టుకుని వచ్చి చూసి, “ఇదేమిటే, తెలుగులో రాశావు? ఇటలీవాళ్ళు చదవగలరా?” అన్నారు.

“ఆవిడ ఏ భాషలో పాడిందని? మనకు అర్థం కాలేదూ?” అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, పెన్ను నా చేతిలోంచి తీసుకుని, వీధి గుమ్మం వైపు నడిచారు. బాల్‌పెన్ను రాతి మీద నిలవదని తెలిసి కూడా.